నూర్ వేరు, గోరాపన్ వేరు

"చేహ్రే పే నూర్ హై" అని మన ఇళ్ళల్లో అంటుంటారు. ముఖంలో కాంతి ఉందని దాని అర్థం. తెల్లగా ఉన్నవాళ్ళ గురించే ఈ మాట అనరు. తహజ్జుద్‌కు లేచే నల్లటి నానీ గురించి కూడా అంటారు. నిజానికి అలాంటి నానీల గురించే ఎక్కువగా అంటారు. నూర్ అంటే రంగు కాదన్న సంగతి మన జబాన్‌కు బాగా తెలుసు. కాని శాదీ ఫోటోల దగ్గరికి వచ్చేసరికి జబాన్‌కు తెలిసింది మనకు గుర్తుండదు. ఫోటోగ్రాఫర్ లైట్లు బిగిస్తుండగానే దుల్హన్ తరఫు ఆడవాళ్ళలో ఎవరో ఒకరు వెళ్ళి, "భాయ్, జరా గోరీ దిఖనా" అని చెప్పి వస్తారు. ఆయన తలూపుతాడు. ఈ ఫర్మాయిష్ ఆయనకు కొత్త కాదు.

నతీజా ఏమిటో చూడాలంటే మదనపల్లెలోనో, పుంగనూరులోనో, కుప్పంలోనో ఏ ఇంట్లోనైనా ఈ పదేళ్ళలో చేయించిన ఆల్బమ్ తెరిచి చూడండి. దుల్హన్ ముఖం మైదాపిండి రంగులో ఉంటుంది. ముక్కు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియదు. బుగ్గలు, గడ్డం, నుదురు అన్నీ ఒకే మట్టం. పక్క పేజీలో మెహందీ చేతుల ఫోటో ఉంటుంది. ఆ చేతులు మాత్రం చక్కటి గేహువా రంగులో, గోధుమ వన్నెలో ఉంటాయి. ఒకే అమ్మాయికి ఒకే ఆల్బమ్‌లో రెండు రంగులు. చేతులు ఆమెవే, ముఖం ఎవరిదో.

రోష్నీని గోరాపన్ అనుకోవడం వల్ల జరిగిన నష్టం ఇది. ఫోటోగ్రఫీలో వెలుగు చేసే పని ముఖాన్ని తెల్లబరచడం కాదు, ముఖానికి రూపం ఇవ్వడం. ఈ ముక్క అర్థం కావడానికి ఫలసఫా పుస్తకాలు అక్కర్లేదు. మన ఊళ్ళ స్టూడియోల్లోకి కూడా వచ్చిన ఒక చిన్న పరికరాన్ని కాసేపు చూస్తే చాలు. దాని పేరు బ్యూటీ డిష్.

పేరు విని ఇదేదో క్రీము డబ్బా అనుకోకండి. బ్యూటీ డిష్ అంటే లోతు తక్కువగా ఉండే రేకు గిన్నె. వ్యాసం 16 అంగుళాల నుంచి 28 అంగుళాల దాకా ఉంటుంది. ఎక్కువగా వాడేది 22 అంగుళాలది. దావత్‌లో నలుగురు చుట్టూ కూర్చుని తినే తబఖ్‌ను స్టాండుకు నిలువుగా బిగించినట్టు ఉంటుంది. లోపల తెల్ల రంగో వెండి పూతో ఉంటుంది. నడిమధ్య రంధ్రంలోంచి ఫ్లాష్ తల లోపలికి వస్తుంది. ఆ ఫ్లాష్‌కు ఎదురుగా చిన్న పళ్ళెం ఒకటి అడ్డంగా బిగించి ఉంటుంది. అసలు కరామత్ అంతా ఈ చిన్న పళ్ళేనిదే. ఫ్లాష్ వెలుగు తిన్నగా ముఖం మీదికి దూకకుండా అది ఆపుతుంది. ఆగిన వెలుగు వెనక్కి మళ్ళి, పెద్ద గిన్నె గోడలకు తగిలి, అక్కడినుంచి ముందుకు వస్తుంది. ముఖానికి చేరేసరికి దాని దూకుడు తగ్గి ఉంటుంది, పదును మాత్రం పూర్తిగా పోదు.

మిగతా లైట్లతో పోల్చి చూడండి. ఏ అడ్డూ లేని ఫ్లాష్ మే నెల మిట్టమధ్యాహ్నం ఎండలాంటిది. నీడలు కత్తితో కోసినట్టు పడతాయి. స్టేజీ పక్కన పెట్టే తెల్ల గొడుగు మబ్బు పట్టిన రోజులాంటిది. వెలుగు దుల్హన్ మీద, సోఫా మీద, వెనక పూల డెకరేషన్ మీద, భోజనాల వైపు వెళ్తున్న చుట్టాల మీద సమానంగా పడుతుంది. నీడే లేకపోతే ముఖానికి లోతు ఎక్కడినుంచి వస్తుంది? పెద్ద సాఫ్ట్‌బాక్స్ పల్చటి పర్దా కట్టిన కిటికీలాంటిది. మెత్తగా ఉంటుంది. బ్యూటీ డిష్ ఈ రెండు రకాలకూ మధ్యలో నిలుస్తుంది. నీడ ఉంటుంది, కాని దాని అంచు మెత్తగా కరుగుతుంది. వెలుగు ముఖం మధ్యలో నిలిచి, చెవుల వైపు, మెడ వైపు వెళ్ళేకొద్దీ తగ్గుతుంది.

దాన్ని పెట్టే పద్ధతి కూడా ఒకటుంది. ముఖానికి ఎదురుగా, నుదుటికంటే కాస్త పైన, కిందికి వంచి పెడతారు. అప్పుడు ముక్కు కింద తితలీ రెక్కల్లాంటి చిన్న నీడ పడుతుంది. అందుకే దీన్ని బటర్‌ఫ్లై లైటింగ్ అంటారు. 1930ల్లో హాలీవుడ్‌లో మార్లీన్ డీట్రిచ్ ముఖాన్ని ఇలాంటి వెలుగులోనే చూపించేవాళ్ళు. చెంప ఎముక కింద సన్నటి నీడ వచ్చి బుగ్గకు ఆకారం వస్తుంది. కింది నీడ మరీ ముదురుగా ఉంటే ఛాతీ దగ్గర ఒక తెల్ల థర్మోకోల్ ముక్క పట్టుకుంటే సరిపోతుంది. కంటి నల్లగుడ్డులో గుండ్రటి వెలుగు చుక్క మెరుస్తుంది. పరీక్షగా చూస్తే ఆ చుక్క నడుమ చిన్న నల్లటి మచ్చ కూడా కనిపించవచ్చు. అది ఆ అడ్డు పళ్ళెం సాయా.

దూరం సంగతి చాలా ముఖ్యం. డిష్ ముఖానికి రెండు మూడు అడుగుల్లో ఉంటేనే పని చేస్తుంది. వెలుగు ఎంత పెద్ద చోటునుంచి వస్తే నీడ అంచు అంత మెత్తగా ఉంటుంది. దగ్గరగా ఉన్న 22 అంగుళాల డిష్ ముఖానికి పెద్ద కిటికీ అంత. అదే డిష్‌ను పది అడుగుల దూరానికి జరిపితే చిన్న బల్బుతో సమానం, నీడ మళ్ళీ మొరటుగా మారుతుంది. దూరం రెట్టింపైతే ముఖం మీద పడే వెలుగు సగం కాదు, పావు వంతు అవుతుంది. షాదీఖానా స్టేజీ కింద నిలబడి డిష్ పెట్టి తీశాం అని చెప్పుకునేవాళ్ళు డిష్ మోసుకొచ్చారే తప్ప దాన్ని వాడినట్టు కాదు.

ఇప్పుడు అసలు మసలాకు వస్తాను. మన ఆడపిల్లల్లో ఎక్కువమంది సావ్లీ, అంటే చామనచాయ. రాయలసీమ ఎండలో, ఈ నేల మీద పుట్టినవాళ్ళం. తెల్లటి చర్మం మీద ముఖం ఆకారాన్ని నీడలు చెబుతాయి. నల్లటి, చామనచాయ చర్మం మీద ఆకారాన్ని ఎక్కువగా చెప్పేది మెరుపు. ఎందుకంటే ముదురు చర్మం తన మీద పడిన వెలుగులో చాలా భాగాన్ని లోపలికి తీసేసుకుంటుంది. పైపైన తళుక్కుమనే మెరుపు మాత్రం తెల్ల చర్మం మీద ఎంత ఉంటుందో ముదురు చర్మం మీదా దాదాపు అంతే ఉంటుంది. చుట్టూ ముదురు రంగు ఉంటుంది కాబట్టి ఆ మెరుపు ఇంకా బాగా కనిపిస్తుంది.

మదనపల్లె వాళ్ళకు ఇది ఇంకా తేలిగ్గా చెప్పొచ్చు. నీరుగట్టువారిపల్లె మగ్గాల మీద నేసిన ముదురు మెరూన్ పట్టుచీర ఒకటి, తెల్లటి నూలు దుపట్టా ఒకటి పక్కపక్కన పరచండి. దుపట్టా మడతలు నీడ వల్ల తెలుస్తాయి. పట్టుచీర మడతలు దాని మెరుపు వల్ల తెలుస్తాయి. పట్టుచీర బాగా కనిపించాలని దాన్ని ఎవరైనా తెల్లబరుస్తారా? మెరుపు సరైన చోట పడేట్టు కాస్త తిప్పి పట్టుకుంటారు, అంతే. సావ్లీ ముఖానికి కావలసిందీ అదే. నుదుటి మీద, ముక్కు దూలం మీద, చెంప ఎముక మీద, కింది పెదవి మీద కొద్దికొద్దిగా, అదుపులో ఉన్న మెరుపు. బ్యూటీ డిష్ బాగా ఇచ్చేది ఇదే. గొడుగు ఇవ్వలేనిదీ ఇదే.

మరి తెల్లగా చూపించమన్నప్పుడు ఏం జరుగుతుంది? ఫోటోగ్రాఫర్ వెలుగు మోతాదు పెంచుతాడు. ముందు మెరుపులు తెల్ల మచ్చలైపోతాయి. తరువాత చర్మం రంగు పాలిపోతుంది. ఆ తరువాత కంప్యూటర్ మీద కూర్చుని మచ్చలు, రంధ్రాలు, గీతలు అన్నీ తుడిచేస్తాడు. ఆ తుడుపులో పుట్టుమచ్చ కూడా పోతుంది, అమ్మీ నుంచి వచ్చిన ముక్కు కూడా పోతుంది. మదనపల్లె మార్కెట్‌లో టమోటాను తెల్లగా చూపిస్తే ఏ వ్యాపారీ కొనడు. అదేదో జబ్బు పట్టిన కాయ అనుకుంటాడు. టమోటాకున్న ఇజ్జత్ మన కూతుళ్ళ ముఖానికి లేదా?

వెలుగు, నీడ గురించి మొదట లోతుగా ఆలోచించినవాళ్ళలో మనకు బాగా తెలియాల్సిన పేరు ఇబ్న్ అల్‌హైసమ్. బస్రాలో దాదాపు 965లో పుట్టాడు. 1011 నుంచి 1021 మధ్య కైరోలో కితాబుల్ మనాజిర్ రాశాడు. కంటిలోంచి కిరణాలు బయల్దేరి వస్తువును తాకడం వల్ల చూస్తున్నామని ఆ రోజుల్లో చాలామంది పండితులు అనుకునేవారు. కాదు, వస్తువు మీద పడిన వెలుగే కంటిలోకి వస్తుందని ఆయన చీకటి గదుల్లో తజ్రిబాలు చేసి చూపించాడు. నీడల గురించి ప్రత్యేకంగా ఒక రిసాలా కూడా రాశాడు. మీ ముఖం మీద పడిన వెలుగే కెమెరాలోకి వెళ్తుంది అన్న మాటకు మూలం అక్కడుంది. మన పిల్లలకు ఆయన పేరు క్విజ్ పోటీల్లో జవాబుగా తెలుసు. ఆయన చెప్పింది మన ఆల్బమ్‌కు కూడా వర్తిస్తుందని తెలియదు.

కెమెరాలు కూడా మొదటినుంచీ నిష్పక్షపాతంగా లేవు. ఫిల్మ్ కాలంలో కొడాక్ కంపెనీ రంగులు సరిచూసుకోవడానికి ల్యాబులకు ఒక కార్డు పంపేది. దాని మీద తెల్లజాతి మహిళ బొమ్మ ఉండేది. షర్లీ కార్డు అని దానికి పేరు. ఆమె చర్మం సరిగ్గా వస్తే ఫోటో సరిగ్గా వచ్చినట్టు లెక్క. నల్లవాళ్ళ ముఖాలు ఆ ఫిల్మ్ మీద పళ్ళూ కళ్ళూ తప్ప ఏమీ కనిపించకుండా పోయేవి. ముదురు గోధుమ రంగులు సరిగ్గా రావడం లేదని చాక్లెట్ కంపెనీలు, కర్ర సామాన్ల కంపెనీలు ఫిర్యాదు చేసిన తరువాతే ఆ ఫిల్మ్ మెరుగుపడిందని చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. రకరకాల రంగుల మనుషులున్న కార్డులు 1990ల్లో గాని రాలేదు. ఇప్పటి డిజిటల్ కెమెరా మీటర్ కూడా తన ముందున్న దాన్నంతా మధ్యరకం బూడిద రంగే అనుకుని లెక్క కడుతుంది. దూల్హా తెల్ల షేర్వానీ ఫ్రేములో నిండితే ముఖం నల్లబడుతుంది. దుల్హన్ ముదురు రంగు జోడా నిండితే ముఖం పాలిపోతుంది. తీసేవాడు తన చేత్తో సరిచేయాలి. ఆటోమేటిక్‌కు వదిలేస్తే ఇన్సాఫ్ జరగదు.

మనదేశంలో ఈ పిచ్చికి ఎరువు వేసినవాళ్ళూ ఉన్నారు. ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము 1975లో వచ్చింది. 45 ఏళ్ళ తరువాత, 2020లో, పేరులోంచి ఫెయిర్ అన్న మాట తీసేసి గ్లో అని పెట్టుకున్నారు. అదే ఏడాది షాదీ డాట్ కామ్ చర్మం రంగును బట్టి సంబంధాలు వెతికే సదుపాయాన్ని తీసేసింది. వ్యాపారం చేసుకునేవాళ్ళే సిగ్గుపడి మాట మార్చుకున్నారు. మనం మాత్రం "లడ్కీ గోరీ హై క్యా?" అన్న సవాల్‌ను ఇంకా వదల్లేదు. ఆఖరి హజ్ ఖుత్బాలో తెల్లవాడికి నల్లవాడి మీద ఏ ఆధిక్యతా లేదన్న మాటను జుమా బయానులో విని సుబ్హానల్లాహ్ అంటాం. ఇంటికొచ్చి రిష్తా ఫోటోను ఫోన్‌లో ఫిల్టర్ వేసి తెల్లబరుస్తాం.

దీనివల్ల దెబ్బ తినేది ఎవరో చూడండి. కుప్పం నుంచి రిష్తాలు వాణియంబాడి, కోలార్ దాకా పోతాయి. పుంగనూరు నుంచి బెంగళూరు దాకా పోతాయి. ముందు ఫోటో పోతుంది, తరువాత మనుషులు వస్తారు. వచ్చినవాళ్ళు చాయ్ తాగి, సమోసా తిని, "ఫోటోలో వేరేగా ఉందే" అని గుసగుసలాడుకుని వెళ్ళిపోతారు. అబద్ధం చెప్పింది ఫోటో. చెప్పించింది పెద్దలు. తలవంచుకుని కూర్చున్నది మాత్రం ఇరవై ఏళ్ళ పిల్ల. ఇలా రెండు మూడు సార్లు జరిగిందంటే తన అసలు ముఖమే ఒక ఐబ్ అని ఆ పిల్ల అనుకోవడం మొదలుపెడుతుంది. ఆ మాట ఆమెకు ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు. ఇంటివాళ్ళు ఆమె ఫోటోను దిద్దినప్పుడే చెప్పేశారు.

ఫోటోగ్రాఫర్లను మాత్రమే తిట్టడం ఇన్సాఫ్ కాదు. వాళ్ళలో చాలామంది మన వాళ్ళే. "నేను ఉన్నది ఉన్నట్టు తీస్తే పార్టీ పక్క స్టూడియోకి పోతుంది భాయ్" అంటారు. నిజమే. అద్దె, ఈఎంఐ, సహాయకుడి కూలీ అన్నీ వాళ్ళకున్నాయి. పైగా షాదీఖానాలో వాళ్ళకు దొరికే సమయం ఎంత? దుల్హన్ స్టేజీ మీదికి వచ్చాక పది నిమిషాల్లో ఇరవై గ్రూపు ఫోటోలు. ఆ హడావిడిలో గొడుగే గతి. అందుకే జిమ్మేదారీ ముందు మనది. గోరీ చేయమని అడిగేది మనం, సమయం ఇవ్వనిది మనం.

ఇంకో చిక్కు కూడా ఉంది, దాన్ని దాచిపెట్టి లాభం లేదు. డిష్ ముఖానికి రెండు అడుగుల్లో ఉండాలని చెప్పాను. అంత దగ్గరగా పరాయి మగాడు లైటు సర్దుతుంటే అమ్మాయి బిగుసుకుపోతుంది, ఇంటి పెద్దలకు ఇబ్బందిగా ఉంటుంది. కాబట్టి దూరం నుంచి నాలుగు క్లిక్కులతో ముగించేస్తారు. దీనికి దవా మన చరిత్రలోనే ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో లాలా దీన్‌దయాళ్ అనే గొప్ప ఫోటోగ్రాఫర్ ఉండేవాడు. ముసవ్వర్ జంగ్ అని నిజాం ఆయనకు ఖితాబు ఇచ్చాడు. 1890ల్లో ఆయన హైదరాబాద్‌లో ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో నడిపాడు. అక్కడ ఫోటోలు తీసే బాధ్యత ఒక ఇంగ్లీషు మహిళది. పర్దాలో ఉండే స్త్రీలు కూడా నిశ్చింతగా కూర్చుని ఫోటో దిగేవాళ్ళు. నూట ముప్పై ఏళ్ళ కిందట హైదరాబాద్‌లో జరిగింది ఇవాళ మన ఊళ్ళల్లో ఎందుకు జరగకూడదు? డిగ్రీ చేసి ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలు మన మొహల్లాల్లో ఎంతమంది లేరు? మెహందీ పెట్టడం, బ్యూటీ పార్లర్ నడపడం తప్పు కానప్పుడు కెమెరా పట్టుకోవడం ఎలా తప్పవుతుంది? ఒక కెమెరా, ఒక ఫ్లాష్, ఒక స్టాండు, ఒక డిష్ ఉంటే జనానా వైపు పని మొదలవుతుంది. మన ఇళ్ళ శాదీల్లో ఆ పనికి కొదవ ఉండదు. నిజానికి ఆ పని వాళ్ళే బాగా చేయగలరు.

బ్యూటీ డిష్ ఏదో జాదూ అని నేను చెప్పడం లేదు. దాని ఐబులు దానికీ ఉన్నాయి. చర్మాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తుంది కాబట్టి మొటిమలు, మచ్చలు కూడా తేలుతాయి. జిడ్డు కారుతున్న ముఖం మీద వెండి పూత డిష్ పెడితే మెరుపు మితిమీరుతుంది, తెల్ల లోపలి భాగం ఉన్నదే మేలు. ముందు ముఖాన్ని టిష్యూతో అద్దుకోవాలి. కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళకు అద్దాల్లో ప్రతిబింబం పడకుండా లైటును పైకో పక్కకో జరపాలి. ముడతలు పడిన దాదీమా ముఖానికి కిటికీ వెలుగో సాఫ్ట్‌బాక్సో ఎక్కువ నప్పుతుంది. పదిమంది గ్రూపు ఫోటోకు ఇది పనికే రాదు. ముందు తెల్ల గుడ్డ తొడిగితే ఇంకాస్త మెత్తబడుతుంది, కాని అప్పుడది గుండ్రటి సాఫ్ట్‌బాక్స్ అయిపోతుంది. వెలుగు చెల్లాచెదురు కాకుండా తేనెతుట్టెలాంటి జాలీ కూడా బిగించుకోవచ్చు. ఏ ముఖానికి ఏది అన్నది తీసేవాళ్ళ కంటికి తెలియాలి. ఆ కన్ను లేకపోతే లక్ష రూపాయల లైటు కూడా గొడుగుతో సమానం.

కాబట్టి ఇకమీదట శాదీకి ఫోటోగ్రాఫర్‌ను మాట్లాడుకునేటప్పుడు కొన్ని పనులు చేయండి. ప్యాకేజీ ఎంత, డ్రోన్ ఉందా అని అడిగే ముందు, "చామనచాయ అమ్మాయిల ఫోటోలు మీరు తీసినవి చూపించండి" అని అడగండి. ఆ ఫోటోల్లో ముఖం రంగు, మెడ రంగు, చేతుల రంగు ఒకటేనా అని చూడండి. స్టేజీ ఎక్కక ముందు లోపలి గదిలో దుల్హన్‌కు అరగంట సమయం ఇవ్వండి. అక్కడ లైటు దగ్గరగా పెట్టుకుని, నింపాదిగా తీయమనండి. మొటిమ ఉంటే తుడవమనండి, అది వారానికి పోయేదే. రంగును, ముక్కును, పుట్టుమచ్చను ముట్టుకోవద్దనండి. మేకప్ చేసే ఆమెకు కూడా ఇదే చెప్పండి. మెడకు ఒక రంగు, ముఖానికి ఒక రంగు పూస్తే ఏ లైటూ కాపాడలేదు.

స్టూడియోకు వెళ్ళే తాహతు లేనివాళ్ళూ బాధపడనక్కర్లేదు. రిష్తా ఫోటో ఇంట్లో తీయాలనుకుంటే, అమ్మాయిని వాకిలి దర్వాజాకు అడుగు లోపల, ముఖం బయటికి తిప్పి నిలబెట్టండి. నేరుగా ఎండ పడని పొద్దు చూసుకోండి. ఛాతీ కింద ఒక తెల్ల చాదర్ పట్టుకోమనండి. ఫోన్‌లో బ్యూటీ మోడ్ ఆపేయండి. ఫోన్ తెర మీద ముఖాన్ని వేలితో తాకి, వెలుగు మోతాదును కొద్దిగా తగ్గించండి. అవును, పెంచడం కాదు, తగ్గించడమే. చర్మం అసలు రంగు అప్పుడు బయటికి వస్తుంది. కళ్ళల్లో దర్వాజా ఆకారంలో మెరుపు కనిపిస్తే రోష్నీ సరిగ్గా పడినట్టు లెక్క.

అన్నిటికంటే ముందు ఆ ఒక్క వాక్యాన్ని మార్చుకోండి. "జరా గోరీ దిఖనా" బదులు, "జైసీ హై వైసీచ్, అచ్ఛీ రోష్నీ మేఁ" అనండి. ఎలా ఉందో అలాగే, మంచి వెలుగులో. అది విన్న ఫోటోగ్రాఫర్ మొదట ఆశ్చర్యపోతాడు. తరువాత సంతోషిస్తాడు కూడా, ఎందుకంటే తాను నేర్చుకున్న హునర్‌ను వాడుకోమని ఎవరూ ఆయనకు చెప్పి ఉండరు. పక్కనే నిలబడ్డ దుల్హన్ కూడా ఆ మాట వింటుంది. ఆమెకు పుట్టింటివాళ్ళు ఇచ్చే సామానులో అదీ ఒకటి అవుతుంది.

ఆల్బమ్ మన కోసం మాత్రమే కాదు. ముప్పై నలభై ఏళ్ళ తరువాత ఒక మనవరాలు దాన్ని తెరుస్తుంది. తన ముక్కు ఎవరినుంచి వచ్చింది, తన రంగు ఎవరిది అని అందులో వెతుక్కుంటుంది. ఆ పిల్ల కూడా చాలావరకు చామనచాయే అయి ఉంటుంది. తనలాంటి ముఖం ఒకటి, మంచి రోష్నీలో, తలెత్తుకుని చూస్తూ అందులో ఆమెకు కనిపించాలి.